ఉస్

జున్నుకు కుడిచెవి ముట్టుకుంటే కోపం.
దావూద్ పీరన్న ముంజేతికి కట్టు,
పక్కింటి రేకుతలుపుకు సొట్ట,
కాంపౌండరు సారు సెలవుచీటీ
అన్నీ ఆ చెవి పుణ్యమే.

మురకంబట్టు రోడ్డులో, బెల్లం మండీ వెనక,
సిమెంటు రేకుల కొట్టంలో ఉంటుంది.
జున్నురంగు పెండ్లిగుర్రం.
అద్దాల జీను కింద ఎవురికీ కనపడవు
జూలు మొదట్లో ఆముదం గింజల్లాగా
ఉబ్బి వేలాడే గోమార్లు.
ఇన్నేండ్లుగా పెండ్లికొడుకులకు తెలీదు,
తాము ఎక్కింది ఒక దురద మీదని.

డాక్టరమ్మ పంపితే నేను పోయినా.
పశువులాస్పత్రిలో చీపురు పట్టి చేరి
ఇరవై ఏండ్లకు సూది పట్టినదాన్ని.
"కుక్కల గోమార్లకు పూసే మందుంది గదమ్మా,
అది కొట్టేస్తే పోదా?" అన్నాడు పీరన్న.
కుక్కకు మందు గుర్రానికి విషమన్నా.
పేగులు కదలక పడుకుంటుంది,
నీకు మిగిలేది జీనే అన్నా.

సరైన మందే తెచ్చి, పంపులో కలిపి
ఒక్కసారి నొక్కినానో లేదో
ఉస్...
కొట్టం కొట్టమంతా లేచింది.
గూటం పెరికింది. నీళ్ల డ్రమ్ము దొర్లింది.
నా చెప్పు ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

తెల్లారినాక పీరన్న నోరు విప్పినాడు.
"మొదటి ఏడు, తెలీక,
పైపెదవికి తాడు మెలిపెట్టి
చెవిలో కిరసనాయిలు పోసినా.
గోమార్లు చచ్చినాయి.
తోలు కూడా ఊడొచ్చింది."
చెప్పి, ఒక గడ్డిపరక తీసుకుని
ఎంత చిన్న ముక్కలు చెయ్యొచ్చో అంత చేసినాడు.
నేనేమీ అనలేదు.
గుర్రం అప్పటికే అంతా అనింది.

మళ్లా మొదలుపెట్టినాము, మందు లేకుండా.
ఉత్త నీళ్లు. ఇరవై అడుగుల అవతల
కానగచెట్టు మొదట్లో పంపు కొడతా నేను,
కొట్టంలో అరచేత బెల్లంముక్కతో ఆయన.
ఉస్. బెల్లం.
ఉస్. బెల్లం.
బెదిరినప్పుడు ఆపితే బెదరడం నేర్పినట్టు,
నెమ్మదించినాకనే ఆపాల అనింది డాక్టరమ్మ.
ఈ మాట నా పెండ్లప్పుడు ఎవురైనా చెప్పింటే!
దినానికొక అడుగు ముందుకు,
ఒక్కోనాడు నాలుగు వెనక్కి.
నీవాకు నీళ్లొచ్చిన వారమైతే
వానకు రేకులు మోగి
నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపొయ్యింది.

చెవికి పంపు పనికిరాదు.
పాత పంచె పేలిక వేలికి చుట్టి, మందులో ముంచి,
మెడకాడ బయల్దేరి
పల్లెవెలుగు బస్సు మాదిరి అన్నిచోట్లా ఆగతా పోయినా.
చెవి కొస. వెనక్కి.
చెవి మొదలు. వెనక్కి.
లోపల.
జున్ను ఊపిరి బిగబట్టింది. నేనూ.
పీరన్న కండ్లు మూసుకున్నాడు.

పదకొండు.
ఒక్కొక్కటీ సీసాలో రాలతా ఉంటే
వినీవినపడని చప్పుడు.
చివరిదాని కింద, కాలిన కాగితం అంచులాగా
ముడుచుకున్న పాత మచ్చ.
పీరన్న దాన్ని వేలితో తాకినాడు.
అది తల విదిలించలేదు.
అంతకు మించి ఏమీ ఇయ్యలేదు కూడా.

"అయిపోయిందా మే?" అన్నాడు.
ఈ పనిలో ఆ మాట లేదన్నా.
గోడ పగుళ్లలో గుడ్లుంటాయి, సున్నం కొట్టాల.
లద్ది ఎత్తాల. జీను కింది గుడ్డ ఉడకబెట్టాల.
పదిహేను దినాలకు మళ్లా
ఇదే చెవి, ఇదే పేలిక.

మొన్న గ్రీమ్స్‌పేటలో పెండ్లి ఊరేగింపు.
బ్యాండుకు ముందు ఎవురో చిచ్చుబుడ్డి ముట్టించినారు.
ఉస్స్స్...
జనం జరిగినారు. పీరన్న కళ్లెం బిగించినాడు.
నేను మిద్దె మీదనుంచి చూస్తా కొంగు కొరుక్కున్నా.
జున్ను ఆగింది.
చెవులు రెండూ నిక్కబొడిచి,
మెడ నిదానంగా వెనక్కి తిప్పి,
పెండ్లికొడుకు జరీజేబులో
బెల్లం కోసం ఎతికింది.