పదో ఖానా

సోహార్‌ల చేపల మార్కెట్ ఎన్క
కుంజుమోన్ రిపేరు దుకాణంల
పద్దెనిమిది రియాళ్లకు కొన్న ఈ కంప్యూటర్‌ను.
గాబంత తెర, పసుపెక్కిన కీబోర్డు.
ఆన్ చేస్తే పాత కంప్రెషర్ లెక్క మూల్గుతది.
ఏసీ మెకానిక్‌ను, మూలుగులు నాకు కొత్త కాదు.

లోపట ఒకటే ఆట.
గళ్లు గళ్లుగ మనుషులు, నల్లటి గుహలు.
నెట్టు అక్కర లేదు, అవతల ఆడెటోడు లేడు,
ఒక్కనివే కూసోని ఆరుగురిని నడిపియ్యాలె.
బలానికి ఇన్ని, తెలివికి ఇన్ని, అదృష్టానికి ఇన్నని
మొదలే పాయింట్లు పంచుకోవాలె.
అదృష్టానికి తక్కువ పెట్టిన, అలవాటు చొప్పున.

ఆడింది దాచుకునేటందుకు పది ఖానాలు.
తొమ్మిదింట్ల అప్పటికే ఒక్కటే పేరు:
లింబాద్రి.

ఇంగ్లీషు అక్షరాలే గని
గా పేరు నిజామాబాద్ దిక్కు గాక ఇంకేడ మొలుస్తది?
కుంజుమోన్‌ను అడిగితే చేతులు తిప్పిండు.
స్క్రాపుల వచ్చిందట, ఎవని దేందో.

ఒక జుమ్మా నాడు బట్టలు ఆరేసి వచ్చి
తొమ్మిదో ఖానా తెరిచిన.
గుహ అడుగున, ఇనుప తలుపు ముంగట
నిలవడ్డరు అందరు.
కాగడ ఆఖరికొచ్చింది.
ముందట లింబాద్రి, డాలు పగిలి.
ఎన్క రాజవ్వ, గాయాలు మాన్పే ఆమె,
మంత్రాలన్ని ఒడిసినయి ఆమెకు.
తాళాలు తీసే దొంగ పేరు చిన్నోడు.
విల్లు పట్టుకొని లసుమక్క,
ముసలి మాంత్రికుడు పోశెట్టి, ఎవలో మరి.
ఆరోవాడు చచ్చి ఉన్నడు, మోసుకుంట తిరుగుతున్నరు.
పేరు చూస్తే, క్యాంప్ బాస్.
గుళ్లె నూరు కాసులిస్తే బతికిస్తరు.
లింబాద్రి సంచిల నాలుగు వేలున్నయి.
ఒక్కణ్నే నవ్విన, పై మంచం బిహారాయన లేచి తిట్టెదాంక.

తర్వాత నవ్వు రాలె.
ఏ రాత్రి ఆపిండో ఇక్కడ.
వీసా ఒడిసెనా, బస్సు హారన్ కొట్టెనా,
కంపెనీ మూతవడి జీతాల కింద
కుర్చీలు కంప్యూటర్లు లారీల కెక్కెనా?
ఆటల డైరీ ఉంటది, దాంట్ల చివరి ముచ్చట:
కమ్మరాయన చెల్లె ఇంకా దొరకలేదు.

పక్క రూం రోడెల్‌కు ఈ ఆట ఎరుకే.
తలుపు తీస్తే అందరు చస్తరన్నడు,
గీ లెవెల్ చాలదన్నడు.
చస్తే ఏముంది, మళ్ల లోడ్ చేస్కో.
నిజమే, ఏముంది.
మొన్న ప్లాంటుల పరంజి మీదికెల్లి పడ్డ పిలగానికి
ఖానా లేకుండె.

తలుపు తియ్యలె నేను.
ఎన్కకు తిప్పిన.
మూడు జుమ్మాలు పట్టింది పైకెక్కెటందుకు.
డక్టు డ్రాయింగు ఎన్కదిక్కు పెన్సిలుతోటి గీసుకుంట,
కాగడ ఆరినంక అడుగులు లెక్కవెట్టుకుంట.
పోంగ ఆయన తొక్కిన ఉచ్చులు
నోళ్లు తెరిచే ఉన్నయి,
ఆయన కొట్టిన గబ్బిలాలు కొట్టినట్టే పడున్నయి.
నాకు మిగిలింది నడుసుడే.

బయటికొస్తే ఎంత పచ్చదనమో,
గీ ఎడారిల గంత పచ్చ రంగు చూసి ఎన్నేండ్లాయె.
ఊర్లె గుడి కాడ చానసేపు ఆగిన.
నూరు కాసులు.
ఇచ్చిన, తిట్టుకుంటనే ఇచ్చిన.
లేచి నిలవడ్డడు క్యాంప్ బాస్, సప్పుడు చెయ్యకుండ.

సత్రంల ఆరుగురికి మూడు కాసులు.
పండుకుంటరా అనడిగింది ఆట.
దాచుదామంటే పదో ఖానల నావోడున్నడు,
నాలుగో లెవెల్, అదృష్టం తక్కువోడు.
వీని మీద రాయాల్నా అంటది.
టీ సల్లారెదాంక ఆలోచించి
అవునని నొక్కిన.

తెర మీద తెల్లారింది.
రాజవ్వ మంత్రాలన్ని తిరిగొచ్చినయి.
బయట ఇంకా నాలుగున్నరే,
బస్సు రాలె.