యేసుపాదం కుడికాలు

ఎదురుకాళ్ళతో పుట్టాడు కాబట్టి
సంగడిగుంటలో నడుం పట్టేసిన ప్రతివాడికీ
వాడే వైద్యుడు.
మిర్చియార్డు హమాలీలు తెల్లారకముందే వచ్చి
గడప ముందు బోర్లా పడుకునేవారు.
ఏడేళ్ళవాడు నిద్రకళ్ళతో లేచొచ్చి
కుడికాలితో మూడుసార్లు తన్ని
మళ్ళీ వెళ్ళి ముడుచుకునేవాడు.
నడుముకి రెండిడ్లీలు, రేటు.
పాస్టరుగారు పెట్టిన పేరు ఊరికే పోలేదు.

నేను గోల్‌కీపర్ని.
అంటే, వాడు కొట్టినవి ఏరుకొచ్చేవాణ్ణి.
యార్డు వెనక పాత గోతాలు కోసి వల కుట్టుకున్నాం.
బంతి తగిలినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచేది.
గోల్ పడిందో లేదో
నా తుమ్ముని బట్టి చెప్పేవాళ్ళు జనం.

పంతొమ్మిదో ఏట కలకత్తా క్లబ్బొకటి తీసుకుపోయింది.
జీతమిచ్చి బంతాడిస్తారంటే
వాళ్ళమ్మ దీనమ్మ నమ్మలేదు.
మనియార్డరు చేతికొచ్చాక కూడా
"నిజంగా ఏం పని చేస్తున్నాడో కనుక్కో నాయనా" అంది నాతో.
బెంగాలీ పేపర్లో వాడి బొమ్మ పడితే
కింద ఏం రాశారో మా వాడలో చదివే దిక్కు లేదు.
తిట్టారేమోనని ఆవిడ బెంగ.

ఒకసారి నిజంగానే తిట్టారు.
సెమీఫైనల్, ఆఖరి నిమిషం, పెనాల్టీ.
ఆకాశంలోకి కొట్టాడు.
లైట్లు కళ్ళల్లో పడ్డాయన్నాడు విలేకరులతో.
బూటు జారిందన్నాడు కోచ్‌తో.
మరుసటేడు ఎడమ మోకాలు పోయింది.
ఆ పై ఏడు క్లబ్బు ఉత్తరాలు రాయడం మానేసింది.

ఇప్పుడు వాడు మేనేజరు.
మిర్చియార్డు స్పోర్టింగ్ క్లబ్.
ఆఫీసు నా సైకిల్ షాపు, బంతులకి గాలి నా పంపు.
డబ్బులు పెట్టే కమిషన్‌కొట్టు షావుకారు
గెలిస్తే బిర్యానీ పంపిస్తాడు
ఓడితే ఫోనెత్తడు.
పదకొండుమందిలో ఏడుగురు పొద్దున టిక్కీలు మోసేవాళ్ళే.
ముఠామేస్త్రీని బతిమాలి వాళ్ళకి సెలవిప్పించడమే
మేనేజరు పనిలో సగం.
మిగతా సగం, కూర్చోవడం.
అది రాదు వాడికి.
పక్కనుంచి బంతి గోల్ ముందుకొచ్చిందంటే
బెంచీ దగ్గరి నీళ్ళబకెట్టుని కుడికాలు తన్నేస్తుంది.
ఈ సీజన్‌కి నాలుగు బకెట్లు. లెక్క నేనే రాస్తాను.

మొన్న బెజవాడ వాళ్ళతో మ్యాచ్.
ఒకటి ఒకటి. ఆఖర్న పెనాల్టీ.
మీరావలి బంతి పెట్టాడు,
అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు,
నాలుగడుగులు వెనక్కి వేశాడు,
ఆకాశంలోకి కొట్టాడు.

జనం వాడి ఏడు తరాల్నీ తలుచుకున్నారు.
యేసుపాదం కుంటుతూ గ్రౌండులోకి పరిగెత్తాడు.
కొడతాడనే అనుకున్నాను.
కుర్రాడి తల వెనక్కి వంచి
వేళ్ళతో రెప్పలు విప్పి
సీసాడు నీళ్ళు పోశాడు.
"పొద్దున ఏ రకం దించావురా?"
"తేజ, అన్నా."
"చేతులకి కొబ్బరినూనె రాసుకోమన్నానా లేదా?"

ఆ రాత్రి షట్టరు సగం దించాక చెప్పాడు,
ఇరవై ఆరేళ్ళకి.
ఆ సెమీఫైనల్ మధ్యాహ్నం
ఇంటినుంచి పార్సిలొచ్చిందట.
గుడ్డమూటలో ఎండుమిరపకాయలు.
నిప్పుల మీద కాల్చి, ఉప్పేసి, చేత్తో నలిపి
కలకత్తా అన్నంలో కలుపుకున్నాడట.
సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడట.
"మా అమ్మ ఏరిన కాయ సంగతి నీకు తెలుసుగా."

లైట్లన్నాడు. బూటన్నాడు.
దీనమ్మ పోయిన పదేళ్ళకి
మిరపకాయన్నాడు.

ఏమనాలో తోచక
నడుం పట్టేసింది రా, అన్నాను.
"పడుకో" అన్నాడు.
పంచరు ట్యూబులు పక్కకి నెట్టి బోర్లా పడుకున్నాను.
గోడ పట్టుకుని
పాడైన ఎడమకాలి మీద ఎలాగో నిలబడి
మూడుసార్లు తన్నాడు. మెల్లగా.
"తగ్గిందా?"

ఇంకోసారి, అన్నాను.