పర్లే

సంతపేటలో మా కొట్టు.
బోర్డు మీద శుభలేఖలు, ఫ్లెక్సీలు, రబ్బరు స్టాంపులు అని ఉంటుంది.
నేను అమ్మేది మాత్రం పొగడ్త.

సన్మాన పత్రం రాయించాలంటే
చిత్తూరులో ముప్పై ఏండ్లుగా నా దగ్గరికే వస్తారు.
కాగితానికి ఒక రేటు, మాటకి ఇంకొకటి.
దానకర్ణుడు కావాలన్నా, అజాతశత్రువు కావాలన్నా
కంప్యూటర్లో ఒక్క మీట దూరం.
పాలసొసైటీ ప్రెసిడెంటుకి రాసిన "క్షీరసాగర చంద్రుడు"ని
నిరుడు కల్లు కాంట్రాక్టరుకి సర్దినా,
క్షీరం ఒక్కటే తీసేసి.
ఎవురూ అడగలేదు.
పొగడ్తని వినేవాడు ఒక్కడే ఉంటాడు,
వాడికెప్పుడూ కొలత సరిపోతుంది.

పెద్దలు ఊరికే అనలేదు మునగచెట్టు అని.
చింతచెట్టు ఎక్కించొచ్చు కదా, గట్టి కొమ్మ.
మామిడి ఎక్కించొచ్చు, ఈ జిల్లాలో కరువా?
మునగయితే పుటుక్కున విరుగుతుంది.
ఎక్కించినోడు కింద నిలబడి
కాయలేరుకుంటా ఉంటాడు.
ఆ కాయలతోనే
మా ఇద్దరు పిల్లోళ్ల చదువులైనాయి.

ఇంట్లో మునిరత్నమ్మ.
పెండ్లయిన ఇన్నేండ్లలో
ఆమె నోట వచ్చిన పెద్ద మెచ్చుకోలు, "పర్లే".
కొత్త చొక్కా, పర్లే.
ఉగాదికి నాకు సన్మానం చేస్తే
శాలువా మడత విప్పి, అంచు నలిపి చూసి, పర్లే.
ఆమెకి యాభై నిండిన రోజు
"గృహసీమ వెలుగురేఖా" అని మొదలుపెట్టి
పదారు విశేషణాలతో పత్రం రాసి
ఫ్రేము కట్టించి ఇచ్చినా.
ఓపిగ్గా చివరిదాకా చదివింది.
"ఈమె ఎవురు?" అనింది.

మా ఊరి నది పేరు నీవా.
కొత్తోళ్లు నవ్వుతారు, ప్రశ్న అనుకొని.
నీళ్లుండవు. ముళ్లకంప, లారీ చక్రాల చాళ్లు,
పిల్లోళ్లు వికెట్లకని నాటిన మూడు కర్రలు.
అది కూడా ఏడాదంతా పర్లే అనే రకం.

ఆ కార్తీకంలో ఒక రాత్రి
పైన చెరువులు తెగి
అడక్కుండా, చెప్పకుండా వచ్చేసింది.
వెల్లువ.
నేను వెయ్యిసార్లు అచ్చేసిన మాట.
అభిమానానికి, శుభాకాంక్షలకి తగిలించిన మాట.
అది బురదరంగులో ఉంటుందని,
దానికి డీజిలు వాసనొస్తుందని,
ఒక మేకపిల్లని గిరగిరా తిప్పుకుంటా పోతుందని
వంతెన ఇవతల నిలబడి చూసినా.
ఇల్లు అవతల.
ఫోను తడిసి చచ్చింది.

చుట్టుదోవన నడిచి
తెల్లారి నాలుగుకి తలుపు కొట్టినా.
పైనుంచి కిందిదాకా చూసింది.
ఆపైన తెగింది.

"నీ జిమ్మడిపోనూ, నీ ఫ్లెక్సీల్లో మన్నుపొయ్యా,
యాడ సచ్చినావురా ఇంతసేపూ
నీళ్లలో కొట్టకపోయినావనుకుంటి కదరా
చెప్పు ఇంగోటి యాడబోయె
కాళ్లు చూడు కాళ్లు, నీ కాళ్లు ఇరగా
సంగటి రాయైపోయె, మూడుతూర్లు నీళ్లు చల్లి కదిపితి
ఆ కంప్యూటర్నే కట్టుకోని ఉండు పో..."

జన్మలో మొదటిసారి నన్ను "రా" అనింది.
కామా లేదు. ఊపిరి తీసుకోను జాగా లేదు.
తిడతానే తుండుగుడ్డతో తల తుడస్తా ఉంది,
చెవుల వెనక కూడా,
బడినుంచి తడిసొచ్చిన పిల్లోడికి తుడిచినట్టు.

కదలకుండా విన్నా.
ముప్పై ఏండ్ల నా ఫైళ్లలో
అందులో ఒక్క మాట లేదు.

వారం తర్వాత కొట్టు తెరిస్తే
మొదటి గిరాకీ, కల్వర్టు కాంట్రాక్టరు మనుషులు.
నీవా ఎత్తుకుపోయింది ఆయన కట్టిన కల్వర్టునే.
ఏం బిరుదు పెట్టమంటారంటే
"ఎప్పుడూ పెట్టేదే సార్, అపర భగీరథుడు."
పెట్టినా.
దుడ్డు మాత్రం ముందే తీసుకున్నా.

సాయంత్రం ఇంట్లో చెబితే
మునిరత్నమ్మ గరిటె పక్కన పెట్టి,
నవ్వాపుకోలేక గోడకి ఆనుకొని,
కండ్లు తుడుచుకుంటా,
"పర్లే" అనింది.