సెకండ్ షో, పదకొండు మంది

ఎనుమాముల యార్డుల పొద్దంత మిర్చికి కాంటా చీటీలు రాసి
కారం చేతులతోనే హన్మకొండ చౌరస్తాల దిగిన.
హాల్ల పదకొండు మందిమి.
ఇంటర్వెల్ తర్వాత ఏడుగురం.

పోయిన నెల చూసిన కోర్టు సినిమా నాకు నచ్చలే.
బిడ్డ పోయిన తల్లి నోరు తెరువకముందే
వయొలిన్లు ఏడ్చినయి.
పైంగ వాన.
కాజీపేట వాన నాకు తెల్వదా,
ఎవల చావుకూ టైముకు రాదు.

ఈ సినిమాల వాన లేదు.
బొగ్గుబాయిల మొగడు పోయినంక, పదకొండో దినం,
ఒకామె అతని టిఫిన్ డబ్బా కడుగుతది.
అంతే.
వీపు కనబడుతది, మోచెయ్యి కదులుతది,
కెమెరా జరుగదు.
"బొమ్మ ఆగిందారా" అని వెనుక సీట్ల ఎవడో అరిచిండు.
నేనూ నవ్విన.
నవ్వినంక ఎందుకో కన్ను తుడుచుకున్న, అదే చేత్తోని.
ఇగ సూడు మంట!
"ఏడుస్తున్నవానే?" బుచ్చిరాములు అడిగిండు.
"మిర్చి" అన్న.
సగం నిజమే.

రాత్రి ఒంటిగంటకు
అనసూయ లేవకుండ నల్లా సన్నగ తిప్పి
నా డబ్బా నేనే కడిగిన.
మూడు గిన్నెలు, మూత లోపలి రబ్బరు,
అడుగుకు అంటుకున్న పెసరపప్పు.
ఫోన్ల టైం చూసుకుంటే
నిమిషంన్నర.

ఆమెకు నాలుగు నిమిషాలు పట్టింది.

లెక్కలు రాసేటోన్ని,
తేడా వస్తే నిద్ర పట్టదు నాకు.
రేపు మళ్ల పోత.
బుచ్చిరాములు రాడట,
నెత్తినొస్తుందట.