ఏ నెలది బాబూ?

సచివాలయంలో అడిగారు, నెలకెంత వస్తుందని.
"ఏ నెలది బాబూ?" అంది అమ్మ.
ఆ కుర్రాడు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

కోనాం దొరికిన నెలదా,
రాయి తగిలి వల చిరిగిన నెలదా,
తుఫాను జెండా దిగని కార్తీకందా?
దరఖాస్తులో ఒకటే గడి.
తొమ్మిదంకెలు పడతాయి అందులో,
మాకు అయిదు చాలు.

నేను పెదజాలారిపేట గుంటని,
మైలపల్లి నూకరత్నం, మెకానికల్, రెండో ఏడాదిలోకి.
నిరుటి ఫీజు సర్కారునించి రాలేదని కాలేజీ నోటీసు.
మా ఇంట్లో ఉప్పుగాలి చదవని కాగితం లేదు,
దీన్నీ చదివేసింది.

వెతగ్గా వెతగ్గా దొరికింది తప్పు:
నాన్న ఆధార్‌లో మైలిపల్లి.
ఆ ఒక్క గుడి తీయించడానికి
మద్దిలపాలెంలో మూడు ప్రదక్షిణలు చేశాం.

తర్వాత వేలిముద్ర పడలేదు.
రొయ్యలు ఒలిచి ఒలిచి
అమ్మ బొటనవేలు గులకరాయి.
"మళ్లీ పెట్టమ్మా." "తుడుచుకుని పెట్టమ్మా."
చివరికి కన్ను చూపించమన్నారు.
తెల్లారగట్ల తెప్ప జాడ కోసం చూసినట్టు
యంత్రంలోకి తొంగిచూసింది.
ఒప్పుకుంది యంత్రం.

రాత్రి వీధిలైటు కింద చెప్పాను నాకు తెలిసినంత.
రీయింబర్స్‌మెంటు సర్కారు కట్టేది,
ఆలస్యమైతే హాల్‌టికెట్టు ఆగేది.
స్కాలర్‌షిప్పు తిరిగివ్వక్కర్లేదు.
"అలివివల తాడు మీద సెయ్యేసినోలికి పెట్టే
పిడికెడు సేపల్నాగ."
అవునమ్మా, అలాగే.
బ్యాంకులోనుకి తాకట్టు అడగరట,
చదువయ్యేదాకా కట్టక్కర్లేదట.

నాన్న వల కుట్టడం ఆపాడు.
"మరి ఆ మూడేళ్లూ వడ్డీ?"
పెరుగుతుంది.
"అయితే అదీ ఏట నిసేదమే.
మనం గట్టున కూకుంటే నీళ్లలో సేప పెరిగినట్టు."
సూది దారంలోకి మళ్లీ వంగి,
"సేపైతే మనకి పెరుగుద్ది" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు.
దళారి అప్పుకంటే తక్కువే వడ్డీ, అన్నాను.
దళారి కాగితం అడగడు, అన్నాడు.
అమ్మ ఇద్దర్నీ పడుకోమంది.

లోను ఫారం సగం నింపి గూట్లో పెట్టాను,
పైన ఉప్పు డబ్బా బరువు.
ఫీజు గడువు జూన్ పదహారు.
నిషేధం పద్నాలుగు అర్ధరాత్రికి తీరుతుంది.

ఒక్క రోజుంది సముద్రానికి.