నాలుగో బోరు

మూడువందల ముప్పై అడుగులు.
నీళ్లు పడని బోరు కాబట్టే మాకిచ్చింది నాగసానమ్మ.
గులకరాయి వేసి చెవి ఒగ్గాను.
రాయి రాయికే తగిలింది.

అందులోకి నల్ల పైపు దించాం,
పోయేదొకటి, వచ్చేదొకటి,
అడుగున మెడ వంచి కలిపిన జత.
చుట్టూ బంకమట్టి, ఇసుక కలిపి కూరాం.
మస్తాన్ మోటరు వేశాడు, నేను హీటరు.
డెబ్బై రెండు గంటలు
ఒకే వేడి, ఒకే వేగం.
కరెంటు రెప్ప కొట్టినా పరీక్ష మొదటికొస్తుంది.

కుందుర్పిలో కరెంటు రెప్ప కొట్టకపోవడమా!
అందుకే జనరేటర్ పక్కనే పడుకున్నాం,
డీజిలు వాసనలో, శనక్కాయ పొట్టు మీద.

"నీళ్లియ్యని గుంతకు
వేన్నీళ్లు తాపుతాండారా నాయనా?"
మొదటిరోజు నవ్వింది.
షెడ్డులోని వేడిని నేల ఎంత తాగుతుందో
ముందు తెలియాలన్నాను.
పట్టుపురుగుకు ఇరవై ఐదు డిగ్రీలు కావాలి.
మేలో ఆ రేకుల కింద నలభై.
పురుగు నిద్రను ఇక్కడ జ్వరమంటారు.
పోయినేడు మూడో జ్వరం నుంచి
ఒక్కటీ లేవలేదట.

హీటరు వేయకముందు బోరులో ఇరవై తొమ్మిది.
"ఎండాకాలమూ అంతేనా? సలికాలమూ?"
అంతే.
"ఎవురూ పోయి కదిలియ్యకపోతే
ఎవురైనా అట్లే ఉంటార్లే."

కాలాన్ని లాగరిథంలో మడిచి గీస్తే
వేడి తిన్నని గీతై ఎక్కాలి.
ఆ వాలులోనే ఉంటుంది రాయి గుణం.
నలభై ఆరు గంటలు ఎక్కింది.
తర్వాత ఎక్కలేదు.

మస్తాన్ వైర్లు చూశాడు, హీటరు చూశాడు,
మీటరును వేలితో కొట్టి చూశాడు.
అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
మేం పోస్తున్న వేడిని
కింద ఎవరో మోసుకుపోతున్నారు.

గట్టిరాయి అట్లా మోయదు.
మోసేది ఒక్కటే.

వెంట్రుకంత పగులు కావచ్చు.
నిరుటి వాన కావచ్చు.
ఆమె కమ్మలు కుదువకు పోయిన ఏడు కూడా
బోరుకు మూరెడు పక్కగా
ఇట్లాగే తప్పుకుని పోయిందేమో.
ఏమీ కాకపోనూవచ్చు.

మస్తాన్ నాకేసి చూశాడు.
వాళ్ల నాయన రిగ్గు లారీ మీద ముసలాడైనోడు.
చెబితే అయిదో బోరు వేస్తుంది.
చెప్పకపోతే,
రిపోర్టులో ఒక వాక్యంతో సరిపోతుంది:
నేల అనుకున్నదానికన్నా మేలు.

టీ తెచ్చింది. స్క్రీను చూసింది.
అక్షరాలు రావు గానీ
నాలుగుసార్లు రిగ్గు పక్కన నిలబడి
లేచే దుమ్ము రంగు చదివిన మనిషి.
"యాల పండుకునింది ఆ గీత?"
వేడి ఎక్కడికో పోతోందన్నాను.
"యాడికి?"
మిషను ఎంతో చెబుతుంది, ఎక్కడికో చెప్పదు.
అది అబద్ధం కాదు.

తిరిగొచ్చే పైపు మీద అరచెయ్యి పెట్టింది,
జ్వరం చూసినట్టు.
చాలాసేపు తియ్యలేదు.
"నీళ్లే గదప్పా," అంది.
అడిగిందో, చెప్పిందో.
పైపులోవో, బయటివో.

ఇంకా ఇరవై గంటలుంది.
లేచి డీజిలు పోశాను.