ఇనుప రజను

ల్యాబ్ బీరువాలో రజను డబ్బా తుప్పు ముద్దయింది.
మూత ఊడి రాలేదు.
కొత్తదానికి ఇండెంటు పెట్టి రెండేళ్లు.
"నేను తెస్త మేడం" అంది మూడో బెంచీ నవనీత,
"మా నాయిన లేత్ మిషిన్ కింద
రోజూ ఊడ్సి పారేసేది అదే కదా."

మర్నాడు హార్లిక్స్ సీసా నిండా తెచ్చింది.
బాలానగర్ షెడ్డులో
మెలికలు తిరిగిన చుట్టలు ఏరేసి,
కిరసనాయిలుతో కడిగి, డాబా మీద ఎండబెట్టి,
పాత చున్నీలో జల్లించిందట.
"స్టీలు ఏరుగ తీసిన. దానికి అయస్కాంతం అంటదు."
ఎందుకు అంటదో మా సిలబస్‌లో లేదు.
సిలబస్‌లో లేనిది
ఆ పిల్ల చేతికి ముందే తెలుసు.

దండాయస్కాంతం మీద తెల్లకాగితం పరిచాను.
ఉప్పు చల్లినట్టు చల్లి
అంచు మీద వేలితో తట్టాను, ఒక్కసారి.
నల్లటి దుమ్ము ఒళ్లు విరుచుకుంది.
ఒక కొస నుంచి లేచి, వంగి,
గాలిలో ఎవరో పట్టుకున్న దారాల్లా
రెండో కొసకు చేరాయి రేణువులు.
ఒక గీతను ఇంకో గీత ఎక్కడా కోయలేదు.
"మూసాపేట సిగ్నల్ కాడ ఇట్లుంటే ఎంత బాగుండు!"
వెనక బెంచీలో తబ్రేజ్. నవ్వులు.

"ఈ గీతలు ఎవరు గీశారు?"
ఏటా అడిగే ప్రశ్న.
ఏటా ఎవరో "అయస్కాంతం" అంటారు,
బాగుంది, కూర్చో అంటాను.
నవనీత కూర్చోలేదు.
"గీతలు లేవు మేడం.
మనం చల్లకముందు గూడ ఈడ ఖాళీ లేదు.
రేణువుకూ రేణువుకూ నడుమ
తెల్లగున్న కాడ గూడ ఉన్నట్టే కదా?"

కిటికీ అవతల మెట్రో వంతెన మీద రైలు వెళ్లింది.
కాగితం వణికింది. గీతలు ఇంకాస్త స్పష్టమయ్యాయి.

బోర్డు వైపు తిరిగాను.
నిలబడ్డ ఆవేశం చుట్టూ విద్యుత్ క్షేత్రం.
అదే ఆవేశం నడక మొదలుపెడితే
దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా.
ఊరికే నిలబడ్డ ఆవేశాన్ని
అయస్కాంత క్షేత్రం పలకరించదు.
కదిలేదాన్ని మాత్రం పక్కకు నెడుతుంది,
వేగం పెంచదు, తగ్గించదు,
దారి వంచుతుంది, అంతే.
లెక్క ప్రకారం అది చేసిన పని: సున్నా.
పదకొండేళ్లుగా కాంట్రాక్టు లెక్చరర్ని.
ఆ సున్నా చుట్టేటప్పుడు
చాక్‌పీసు ప్రతిసారీ విరుగుతుంది.

బెల్లు కొట్టాక నవనీత ఆగింది.
"పోయినేడు నాయిన కంట్ల రజను పడ్డది మేడం.
అద్దాలు పెట్టుకోడు, చెమటకు జారుతయంటడు.
దవాఖానల డాక్టరు కన్ను ముట్టనే లేదు.
అయస్కాంతం దగ్గరికి తెచ్చిండు.
లోపల అది కదిలింది నాయినకు ఎరుకైందట,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు."

కొంచెం ఆగి,
"ముట్టకుండ గుంజుడు...
పుస్తకంల చదివితే నమ్మకపోదును."

ఏమనాలో తెలీలేదు.
క్షేత్రానికి నిర్వచనం నాకు నిద్రలో కూడా వస్తుంది.
పరీక్షావేశం ఎంత చిన్నదిగా ఉండాలంటే
తాను కొలిచే క్షేత్రాన్ని అది చెదరగొట్టకూడదు.
మొగులయ్య కంట్లో దిగిన ఆ నలుసు
ఎంత ఉండి ఉంటుంది?

కాగితాన్ని ఎత్తి, దోనెలా మడిచి
సీసాలోకి వంపాను.
గీతలన్నీ ఒక్క క్షణంలో దుమ్మయ్యాయి.
జారి దండం మీదే పడ్డ కాస్త రజను మాత్రం
కొసలకు మీసాల్లా అంటుకుని
ఎంత తుడిచినా రాలేదు.
అట్లాగే బీరువాలో పెట్టి తాళం వేశాను.

నవనీత గుమ్మం దగ్గర ఇంకా నిలబడే ఉంది.
"సీస వాపస్ ఇయ్యరా మేడం?
అమ్మ పొద్దటి సంది అడుగుతుంది,
పోపు గింజలు పోసుకోవాల్నట."